సమాధానం: మ్యూజియం ఫొటోలు చూపిస్తే ఎల్‌కేజీ పిల్లలు ఐదు నిమిషాలకే లేచిపోతున్నారు

లోపం పిల్లల్లో కాదు, చూపించిన వరుసలో ఉన్నట్లుంది. దేశంలోని మ్యూజియంల వస్తువుల ఫొటోలు ఉండే మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా పోర్టల్ నుంచి ముప్పై ఫొటోలు ఏరి టీవీలో ఒకదాని వెంట ఒకటి చూపించానని మీరు రాశారు. చేతితో తాకి ఎరుగని వస్తువు నాలుగేళ్ల పిల్లలకు తెరమీద రంగుగానే మిగిలిపోతుంది.

1. ఒక్క వస్తువునే తీసుకోండి. మీరు విశాఖలో ఉన్నారు కనుక, ఆ ప్రాంతపు ప్రత్యేక వస్తువులుగా 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ) పొందిన, దగ్గర్లోని ఏటికొప్పాక ఊరి లక్కబొమ్మల్లో ఒక బొంగరం చాలు.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇదే: ఫొటో తెరవకముందే వస్తువును పిల్లల చేతికి ఇవ్వాలి. బొంగరాన్ని గుడ్డసంచిలో వేసి, లోపలికి చూడకుండా తడిమి, నున్నగా ఉందో గరుకుగా ఉందో, ఎక్కడ సన్నబడిందో ఒక్కొక్కరినీ చెప్పనివ్వండి. పిల్లలు చెప్పిన మాటలను వారి మాటల్లోనే బోర్డు మీద రాయండి, సరిదిద్దకండి. (ఊడివచ్చే చిన్న ముక్కలున్న బొమ్మ వద్దు, నోట్లో పెట్టుకుంటారు.)

3. ఆ తరువాతే ఫొటో. ఒక్క రంగుచార మాత్రమే కనిపించేంతగా పెద్దది చేసి, అదేమిటో అడిగి, నెమ్మదిగా వెనక్కి తగ్గించండి.

4. తయారీ వీడియో ఉంటే, తిరుగుతున్న అంకుడు కర్రకు (ఈ బొమ్మలు చేసే కర్ర) లక్క కడ్డీని ఆనించే చోట ఆపండి. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ వేడి ఎలా పుడుతుందో తెలియడానికి పిల్లల చేత అరచేతులు గట్టిగా రుద్దించి, చెంపలకు ఆనించుకోమనండి.

మిగిలిన ఇరవై తొమ్మిది ఫొటోలు ఈ వారానికి అక్కరలేదు.