ముందు ఆమె పాట రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ జలకన్య కథ శ్రద్ధగా చదివాను. జుట్టు, కళ్ళు, వెన్నెల్లో మెరిసే పొలుసులు, వీటికే రెండు పేజీలు రాశావు. పాట వినగానే పడవలోని కుర్రాడు నీళ్ళలోకి దూకేశాడు. ఆ పాటలో ఏముందో మాత్రం ఒక్క ముక్క లేదు. "ఎంతో మధురంగా పాడింది" అని వదిలేశావు. ఈ ఉత్తరం రాస్తున్నది ముఖ్యంగా దాని గురించే.

గ్రీకు కవి హోమర్ కావ్యం 'ఒడిస్సీ' 12వ సర్గ తీసి చూడమ్మా. పాటతో నావికుల్ని చావుకి లాగే సైరన్లు చూడ్డానికి ఎలా ఉంటారో ఆయన ఎక్కడా చెప్పడు. ముఖం లేదు, ఒళ్ళు లేదు, తోక అసలే లేదు. వాళ్ళు కూర్చున్న పచ్చిక, చుట్టూ కుళ్ళుతున్న మనుషుల ఎముకల కుప్ప, అంతే. పాటకి మాత్రం ఎనిమిది పంక్తులు ఇచ్చాడు. అందులో వలపు మాటే లేదు. ట్రాయ్ యుద్ధంలో రెండు పక్షాలూ పడ్డ బాధలన్నీ తమకు తెలుసని, భూమ్మీద జరిగేదంతా తమకు తెలుసని, ఓడ ఆపి విని వెళ్ళమని పిలుస్తారు. వింటున్నది ఎవరు? పదేళ్ళు ఆ యుద్ధంలోనే గడిపి, ఇల్లు చేరలేక సముద్రాల మీద తిరుగుతున్న ఒడిస్సియస్. తను పడ్డదంతా తెలిసినవాళ్ళు చెబుతామంటే అతను ఎలా ఆగుతాడు? పాట విన్నా దూకకుండా తనను ఓడ స్తంభానికి కట్టించుకున్నవాడే, కట్లు విప్పమని కనుబొమలతో సైగ చేశాడు. అతను ముందే చెప్పిన మాట ప్రకారం తోటివాళ్ళు ఇంకా బిగించి కట్టారు. వాళ్ళ చెవుల్లో మైనం ఉంది మరి.

పాట పుట్టాల్సింది వినేవాడి లోపలి నుంచి. నీ కుర్రాడి తండ్రి సముద్రంలో పోయాడని ఒక్క వాక్యంలో అనేసి ముందుకెళ్ళిపోయావు. నీ పాట అక్కడే ఉంది. ఆ తండ్రి ఆఖరి రాత్రి ఏం జరిగిందో ఆమెకు తెలుసనుకో. అప్పుడు వాడు దూకితే నేను నమ్ముతాను. ఆమెకు ఆ రెండు పేజీల అందం అక్కర్లేదు కూడా.

ఇక తోక. దాని గురించి టెన్షన్ పడకు. గ్రీకు చిత్రకారులు సైరన్లకు పక్షి ఒళ్ళు, ఆడమనిషి తల పెట్టారు. బ్రిటిష్ మ్యూజియంలో క్రీ.పూ. 5వ శతాబ్దపు కుండ ఒకటుంది. దాని మీద ఒడిస్సియస్ కట్లతో సాగిపోతుంటే ఒక సైరన్ తలకిందులుగా నీళ్ళలోకి పడిపోతోంది. వినేవాడు తప్పించుకుంటే పాడినదాని గతేమిటని ఆ చిత్రకారుడు ఆలోచించాడు. నువ్వూ ఆలోచించాలి. సైరన్లకు చేపతోక వచ్చింది చాలా తర్వాత, మధ్యయుగాల రాతల్లో. ఒంటి ఆకారం నీ ఇష్టం, కానీ అది పనిచేయాలి. చేప తోకను పక్కలకు కొడుతుంది. డాల్ఫిన్ పైకీ కిందికీ ఊపుతుంది, గాలి కోసం పైకొస్తుంది. నీ జలకన్య ఒక పేజీలో చేప, ఇంకో పేజీలో డాల్ఫిన్. ఏదో ఒకటి తేల్చుకో.

అన్నిటికంటే నన్ను వదలనిది డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో రాసిన చిన్న జలకన్య కథ. కాళ్ళ కోసం ఆమె నాలుక కోయించుకుంటుంది. వేసే ప్రతి అడుగూ కత్తుల మీద నడిచినట్టే. రాకుమారుణ్ణి సముద్రంలో మునిగిపోకుండా కాపాడింది తనే, కానీ ఆ మాట చెప్పడానికి నోరు లేదు. అతను తనను కాపాడింది వేరే అమ్మాయి అనుకుని ఆమెనే పెళ్ళాడతాడు. చూశావా, చెల్లించిన మూల్యమే కథకు ముడి అయింది. అంతేకాదు, ఆమె కోరింది రాకుమారుణ్ణి ఒక్కడినే కాదు. సముద్రపు జనం 300 ఏళ్ళు బతికి నురగైపోతారు, ఆమెకు మనుషులకున్న చావులేని ఆత్మ కావాలి. 1989 నాటి డిస్నీ సినిమాలో గొంతును గవ్వలో దాచారు. దాచింది తిరిగి ఇవ్వొచ్చు, కాబట్టి పెళ్ళితో ముగించారు. తెగిన నాలుక తిరిగి రాదు. ఆ సినిమా పాటలు నాకు ఇష్టమే, కానీ నీ కథకు నాలుక తెగడమే కావాలి.

జలకన్యకు ఒక పని ఉంటే ఎంత బాగుంటుందో చూడాలంటే థాయ్‌లాండ్ రామాయణం 'రామకియెన్' చదువు. అందులో సువన్నమచ్చ అనే మత్స్యకన్య రావణుడి కూతురు. సేతువు కోసం వానరులు వేసిన రాళ్ళను మాయం చేయడం తండ్రి అప్పగించిన బాధ్యత. ఎవరు తీస్తున్నారో చూడ్డానికి హనుమంతుడు దూకుతాడు, ఇద్దరికీ ప్రేమ పుడుతుంది. పాట లేకుండానే ఆ కథ నడిచింది, ఎందుకంటే ఆమెకు తండ్రి మాటకీ మనసుకీ మధ్య పెద్ద చిక్కు ఉంది. స్కాట్లాండ్ సీల్ కన్యల కథల్లో, అంటే సీల్ అనే సముద్రజంతువు తన తోలు విప్పితే ఆడమనిషయ్యే కథల్లో అయితే, మగవాడే ఆమె తోలు దాచేసి కాపురానికి తెచ్చుకుంటాడు. ఏళ్ళ తర్వాత అది దొరికితే పిల్లల్ని వదిలి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. ఆ కథలు చదివాక, ఎప్పుడూ ఆమే వల వేస్తుందన్న మాట నువ్వు అంత తేలిగ్గా రాయలేవు.

ఇప్పుడు చేయాల్సింది ఇది. మొదటి రెండు పేజీలు తీసెయ్. కుర్రాడి తండ్రి గురించి ఒక పేజీ రాయి. తర్వాత పాట రాయి, పది పంక్తులు దాటకుండా. ఆ పాట పాడినందుకు ఆమెకు ఏం పోతుందో కూడా తేల్చు. నీ కథలో ఇప్పటిదాకా ఆమెకు ఏ నష్టమూ లేదు. ముగింపు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పాట ఒక్కటే పంపినా చదువుతాను.