ఇల్లు చూడ్డానికి జనం వచ్చే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషంతోనే అనుకో. కష్టపడి కట్టుకున్న ఇంటికి ఒక ఆదివారం తలుపులు బార్లా తీసి, ఎవరైనా వచ్చి చూడండి అని పిలవాలనుకోవడం చిన్న విషయం కాదు. ఆస్ట్రేలియాలో సస్టైనబుల్ హౌస్ డే, అంటే కరెంటు, నీళ్ళు వృథా కాని ఇళ్ళని జనానికి చూపించే రోజు అని పేరు పెట్టి ఇలా చేస్తారని, ఇంటివాళ్ళే దగ్గరుండి కరెంటు, నీళ్ళు, ఖర్చు అన్నీ విప్పి చెబుతారని అల్లుడు గారు చదివి చెప్పారన్నావు. మన వైపు మాత్రం గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు గదిగదీ తిరిగి, గ్రానైట్ ఎక్కడ కొన్నారు, గుమ్మాలు ఏ కర్రతో చేయించారు అని అడక్కుండా వెళ్తారా? అడిగే అలవాటు మనకి ఉండనే ఉంది. అడిగేదాన్ని కరెంటు బిల్లు మీదికీ నీళ్ళ తొట్టి మీదికీ మళ్ళించుకోవాలి, అంతే.

మా ఇల్లు ఇలా చూడ్డానికి ఏడేళ్ళుగా జనం వస్తున్నారు. మొదటి రెండేళ్ళు తప్పులు చేశాను. అవి నువ్వు చేయకూడదనే ఈ ఉత్తరం. అల్లుడు గారికి కూడా చదివి వినిపించు.

మొదట, ఏ రోజు పెట్టుకోవాలన్న సంగతి. సంక్రాంతికి పెట్టుకుంటానన్నావు, హైదరాబాద్ వాళ్ళందరూ వస్తారని. వద్దు తల్లీ. జనవరిలో మన కోనసీమలో, మీ పాలకొల్లు వైపు ఏ ఇల్లు చల్లగా ఉండదు చెప్పు? కాలువ నిండా నీళ్ళు, చుట్టూ పచ్చదనం. నేను మొదటి ఏడాది ముక్కనుమ రోజున పిలిచాను. వచ్చినవాళ్ళు మండువాలో కూర్చుని సున్నుండలు తిని, "పల్లెటూరి ఇల్లు కదండీ, హాయిగా ఉంది" అనేసి వెళ్ళిపోయారు. ఒక్కళ్ళు కూడా ఒక్క ప్రశ్న అడగలేదు.

మే నెలలో పెట్టుకో. దాళ్వా వరి కోతలు అయిపోయి, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాలువలకి నీళ్ళు ఆపేసి, ఊరి చెరువు నీళ్ళు పాచి పట్టే రోజులవి. కరెంటు బిల్లు చూసి అందరూ గుండెలు బాదుకుంటూ ఉంటారు. సెలవులకి పిల్లల్ని తీసుకుని, మామిడిపళ్ళ కోసం, పట్నం వాళ్ళు అప్పుడు కూడా వస్తారు. ఉక్కపోతలో బస్సు దిగి వచ్చినవాడికి నీ ఇల్లు ఏం చేస్తోందో వేరే చెప్పక్కర్లేదు. అలాగని మిట్టమధ్యాహ్నం పిలిచి ముసలివాళ్ళకి వడదెబ్బ తెప్పించకు. పొద్దున్న తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా చాలు.

మా వెనక గది డాబా మీద మీ మావయ్య ఒక పని చేశారు. డాబా సగానికి సున్నం రెండు పూతలు వేయించి, సగం అలాగే నల్లగా వదిలేశారు. మే నెల పదకొండు గంటల ఎండలో వచ్చినవాళ్ళని మెట్లెక్కించి, చెప్పులు విప్పి ముందు నల్లటి సగం మీద అడుగు పెట్టమంటారు. పెట్టినవాళ్ళు పెట్టినట్టే వెనక్కి తీసుకుంటారు. తరవాత సున్నం వేసిన సగం మీద నిలబడమంటారు. అక్కడ నిలబడి మాట్లాడుకుంటారు, తొందరపడి దిగరు. ఎండ వేడిని తెలుపు ఎలా తిప్పికొడుతుందో మీ మావయ్య వివరించేలోపే, సున్నం ఎంతయింది, జిగురు ఏం కలిపారు అని అడిగేస్తారు. వానలకి కొట్టుకుపోతుంది, ఏటా వేసుకోవాలి అని కూడా ఆయన చెబుతారు. మీ డాబా అంతా ఒకేసారి పూయించకు. కొంత వదిలెయ్యి.

వాన నీళ్ళ తొట్టి దగ్గర ఎక్కువసేపు ఆగు. మీ వైపు చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీళ్ళే కాబట్టి అందరి ప్రాణం అక్కడే ఉంటుంది. లెక్క చాలా తేలిక. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. ఐదు సెంటీమీటర్లు పడిన రాత్రి ఐదు వేలు. కొంత ఆవిరైపోయినా, కొంత బయటికి చిందినా నాలుగు వేలు ఎక్కడికీ పోవు. ఈ లెక్క నోటితో చెబితే తలూపుతారు. నేను ఇరవై లీటర్ల నీళ్ళ టిన్నులు గోడ పక్కన వరసగా పేర్చి, వెయ్యి లీటర్లంటే ఇలాంటివి యాభై అని చూపిస్తాను. టిన్ను పాతిక రూపాయలకి కొనేవాళ్ళు మనసులోనే గుణించుకోవడం మొహంలో తెలుస్తుంది.

మొదటి వాన నీళ్ళు తొట్టిలోకి పోకుండా పెట్టే గొట్టం ఉంటుంది కదా, దాని అడుగున మూత ఏ పిల్లాడి చేతో తీయించు. అందుకని ముందు రోజు డాబా మీద నాలుగు బిందెల నీళ్ళు పోసి ఉంచు. దుమ్ము, కాకి రెట్ట, ఎండుటాకుల ముక్కలు కలిసి టీ రంగులో కారతాయి. "ఇవి తాగేవాళ్ళమా?" అని ఆ పిల్లాడే అడుగుతాడు. ఆ గొట్టం ఎందుకో వాళ్ళమ్మకి అప్పుడు అర్థమవుతుంది. తొట్టికి దోమతెర కట్టిన చోటు కూడా చూపించు. దోమల భయంతోనే చాలామంది వాన నీళ్ళ జోలికి వెళ్ళరు.

ఇంకుడు గుంత గురించి మాత్రం జాగ్రత్తగా మాట్లాడు. మెట్ట ప్రాంతంలో అది బంగారం. మన డెల్టాలో నల్లమట్టి నీటిని త్వరగా పీల్చదు, పైగా వానాకాలంలో రెండు మూడడుగుల్లోనే నీళ్ళు ఊరతాయి. మేము తవ్విన గుంత ఆగస్టులో నిండి, పొంగి, బావి చుట్టూ రొచ్చయింది. అందరూ తవ్వమంటున్నారు కదా అని మనమూ తవ్వించాం. ఇప్పుడు స్నానం నీళ్ళు అరటి మొక్కలకీ మెట్టతామరలకీ పారించుకుంటున్నాం, మా అమ్మమ్మ చేసినట్టే. పూడ్చేసిన గుంతని కూడా నేను చూపిస్తాను. అది చూసి ఆగిపోయినవాళ్ళు ఉన్నారు.

ఇక్కడ నీకొక సంగతి చెప్పాలి. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా గోబర్ గ్యాస్ నీకు తెలుసు. రెండు ఘనపు మీటర్లది. దానికి రోజూ యాభై కిలోల పేడ, అన్నే నీళ్ళు కావాలి. నాలుగు గేదెలు ఉన్నప్పుడు రెండు పూటలా వంట దాని మీదే అయ్యేది. మీ మావయ్యకి మోకాళ్ళు పట్టేశాక మూడింటిని అమ్మేశాం. మిగిలిన ఒక్క గేదె పేడతో పాలు కాగి, టీ అయ్యేసరికి మంట తగ్గిపోతుంది. అయినా జనం వచ్చే ముందు రెండు రోజులు పొయ్యి ముట్టించకుండా గ్యాస్ దాచి, వాళ్ళ ముందు నీలి మంట భగ్గుమనేలా వెలిగించాను. అందరూ చప్పట్లు కొట్టారు. రావులపాలెం వైపు నుంచి వచ్చిన ఒకాయన ఆ మంట చూసి వెళ్ళి, రెండు గేదెలతో అప్పు చేసి ప్లాంటు కట్టించాడు. మరుసటి ఏడాది వచ్చి, "సరిపోవట్లేదండీ, మీకెలా సరిపోతోంది?" అని మర్యాదగానే అడిగాడు. నాకు నోట మాట రాలేదు. నేను అబద్ధం ఆడలేదు, నిజం చెప్పనూ లేదు. ఆ రోజు నుంచి పొయ్యి పక్కన పలక పెట్టాను. ఇవాళ వేసిన పేడ ఎంత, మంట ఎంతసేపు వచ్చింది, సిలిండరు ఎన్నాళ్ళకొకటి తెస్తున్నాం అన్నీ దాని మీద ఉంటాయి. మంట రాని రోజు, రాలేదనే రాస్తాను.

మీ ఇంట్లో కూడా అలాగే చెయ్యి. సోలార్ పెట్టించినవాళ్ళందరూ కరెంటు బిల్లు సున్నా వచ్చిన నెలే చూపిస్తారు. నువ్వు రెండేళ్ళ బిల్లులు దారానికి గుచ్చి గోడకి వేలాడదియ్యి, ఎవరికి కావలసినది వాళ్ళు తిప్పి చూసుకుంటారు. మూడు కిలోవాట్లకి కేంద్రం ఇచ్చే రాయితీ 78 వేలు అని, మీ చేతి నుంచి ఎంత పడిందో దాని పక్కనే రాయి. రోజుకి సగటున పన్నెండు యూనిట్లు వస్తాయంటారు కదా, ముసురు పట్టిన వారం ఎన్ని వచ్చాయో కూడా రాయి. కొబ్బరి చెట్టు నీడ సంగతి మర్చిపోకు. ఒక మూల ప్యానెల్ మీద నీడ పడితే దానితో కలిపిన వరసంతా మందగిస్తుందని మన ఊళ్ళలో ఎవరూ ముందు చెప్పరు. మట్ట విరిగి పడి మీది పగిలింది కదా, ఆ పగిలిన ప్యానెల్ పారేయకుండా గుమ్మం దగ్గర ఆనించి పెట్టు.

నేను ఏడేళ్ళలో విన్న ప్రశ్నల్లో మంచి ప్రశ్న ఏదో చెప్పనా? మగవాళ్ళు డాబా ఎక్కి ఇన్వర్టరు చుట్టూ మూగుతారు. ఆడవాళ్ళు పెరట్లో ఎరువు కుండీ దగ్గర నిలబడి, తొక్కలు, ఆకులు, పేడ అన్నీ చూసి, మెల్లగా అడుగుతారు: "ఈ పనంతా ఎవరు చేస్తారండీ?" దీనికి తడుముకోకుండా జవాబు చెప్పాలి. పొయ్యి ఊదేది ఆడదే, నీళ్ళు మోసేది ఆడదే, ఇప్పుడు తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి కుండీ తిరగేసేది కూడా ఆడదే అయితే, ఆ ఇంటిని చూసి నేర్చుకునేదేమీ లేదు. మా ఇంట్లో కుండీ మీ మావయ్యది. ఆయనే తిరగేస్తారు, ఆయనే చెబుతారు. వాసన వస్తే ఎండు కొబ్బరి పొట్టు రెండు దోసిళ్ళు వేస్తానని, పొడిగా ఉంటే బియ్యం కడిగిన నీళ్ళు చల్లుతానని ఆయన నోట వింటే వచ్చిన మగవాళ్ళు కూడా అక్కడ ఆగుతారు. ఆ రోజు అల్లుడు గారిని సోలార్ దగ్గర నిలబెట్టకు, కుండీ దగ్గర నిలబెట్టు. మీటరు లెక్కలు నువ్వు చెప్పు.

డబ్బున్నవాళ్ళకే ఇవన్నీ అనుకుని వెనక్కి తిరిగేవాళ్ళు ఉంటారు, వాళ్ళని నువ్వే పలకరించు. మా ఊరి కాలనీ నుంచి ఒకావిడ వచ్చింది. రేకుల ఇల్లు, ఇద్దరు పిల్లలు, మిషన్ కుట్టుకుంటుంది. మా మండువా, పెంకులు, 1996 తుపానుకి పడిపోయిన కొబ్బరి మానులతో వేసిన వసారా దూలాలు అన్నీ చూసి, "ఇవి మావల్ల ఎక్కడవుతాయమ్మా" అంది. నాకు సిగ్గనిపించింది. మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాం. రేకుల మీద అల్లిన కొబ్బరాకులు రెండు వరసలు పరిచి, కొబ్బరి తాడుతో అడ్డంగా బిగించాం. తుపానుల కాలానికి ముందే తీసెయ్యాలని, పొయ్యి ఆ వైపు పెట్టకూడదని చెప్పాం. పాత ఫ్యాను తీసి, ముప్పై వాట్ల ఫ్యాను పెట్టుకుంది. పాతది డెబ్భై అయిదు వాట్లు తినేది. మరుసటి మేలో తన ఇంటి దగ్గర ఆవిడే నలుగురు కుట్టుపని వాళ్ళని పిలిచి చూపించింది. మా ఇంటికి వచ్చిన వందమందిలో నాకు బాగా గుర్తున్నది ఆవిడే. నీ పక్క వీధిలో అలాంటి ఇల్లు ఏదన్నా ఉంటే, వాళ్ళు ఒప్పుకుంటే, మీ ఇంటితో పాటు దాన్నీ చూపించు.

మిగతావి చిన్నవి. పడకగదికి, దేవుడి గదికి తాళం వేసెయ్యి. ఫొటోలు అడిగి తీసుకోమను. ఒక విడతకి పదిమందికి మించి వద్దు, వెనకున్నవాళ్ళకి వినపడదు. తొట్టి మూత, బ్యాటరీల గది పిల్లలకి అందకుండా చూడు. చుట్టుపక్కల వాళ్ళకి వారం ముందే చెప్పి, వాళ్ళనే ముందు పిలువు. ఒకసారి మా ఇంటికి వచ్చినవాళ్ళ మోటారు సైకిళ్ళు పక్కవాళ్ళు రోడ్డు మీద ఆరబోసుకున్న ధాన్యం మీదుగా వెళ్ళాయి. ఆ కోపం చల్లారడానికి ఏడాది పట్టింది. భోజనాలు పెట్టకు, అదే పెద్ద పనై కూర్చుంటుంది. మజ్జిగ, స్టీలు గ్లాసులు చాలు. ప్లాస్టిక్ సీసా ఒక్కటి నీ అరుగు మీద కనిపించినా నువ్వు చెప్పినదంతా పోతుంది.

సామాన్లు అమ్మేవాళ్ళు తప్పకుండా వస్తారు. మా దగ్గర ఒకతను కరపత్రాలు పంచి, మేమే తనని పిలిపించినట్టు మాట్లాడాడు. అప్పటినుంచి గేటు దగ్గరే దండం పెట్టి చెబుతున్నాను, చూడ్డానికి రండి, అమ్మడానికి వద్దు అని. ఎక్కడ కొన్నారని అడిగితే చెప్పు. బాగా పని చేయనిదైతే అది కూడా చెప్పు.

వెళ్ళేటప్పుడు పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు, ఇంటికి వెళ్ళి చేయాలనుకున్న ఒక్క పని రాయమను. ఒక్కటే. పది రాసినవాళ్ళు ఏదీ చేయరు. ఆగస్టులో తీరిక చూసుకుని వాళ్ళకి ఫోన్లు చెయ్యి. చేయలేదంటే ఎక్కడ ఆగిపోయారో అడుగు. తాపీమేస్త్రీ దొరకలేదంటారు, అత్తగారు ఒప్పుకోలేదంటారు. వచ్చే ఏడాది నువ్వేం చెప్పాలో ఆ జవాబుల్లోనే ఉంటుంది.

నేను ముందు రోజే వస్తాను. చించినాడ వంతెన మీదుగా వచ్చే బస్సు ఎక్కితే సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటాను. డాబా మీద నీళ్ళు పోసే పని నాకు వదిలెయ్యి. ఇండుప గింజలు కూడా తెస్తున్నాను. జూన్లో కాలువకి వచ్చే ఎర్రనీళ్ళని మా అమ్మ వాటితో ఎలా తేర్చేదో చాలామంది మర్చిపోయారు. ఒక రాతి సాన, రెండు గాజు గ్లాసులు సిద్ధంగా ఉంచు. అరుగు మీద కూర్చుని అది నేను చూపిస్తాను.

ఆశీస్సులతో
మీ అత్తయ్య