తలుపు కింది వెలుగు ఎవరి కోసం?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. అత్తగారు మాతోనే ఉంటారు. ఆవిడ గొప్ప ప్రార్థనాపరురాలు. పెళ్లయినప్పటి నుంచి నేనూ రోజూ నాలుగున్నరకు లేచి పక్క గదిలో ప్రార్థన చేసుకుంటున్నాను. రాత్రి పడుకునేసరికి పదకొండున్నర అవుతుంది. ఈ మధ్య మోకాళ్ల మీదే నిద్రపోతున్నాను. బైబిలు చదివితే ఒక్క మాటా తలకెక్కడం లేదు. ఆదివారం సండే స్కూలు, ఆరాధన, ఇంటికొచ్చే చుట్టాలు, సాయంత్రం స్త్రీల కూడిక అయ్యేసరికి ఎవరి ముఖం చూసినా చిరాకు. మొన్న జ్వరం వచ్చిన రోజు కూడా లేచి లైటు వేసి, బైబిలు ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని నిద్రపోయాను. తలుపు కింద వెలుగు కనబడకపోతే అత్తగారు ఏమనుకుంటారో అని. దేవుడు నాకు దూరమయ్యాడా? నాలుగింటికే లేస్తే మొదటి ఆసక్తి మళ్లీ వస్తుందా?

జవాబు: రాదమ్మా. నాలుగింటికి లేస్తే వచ్చేది ఇంకో అరగంట నిద్రలేమి. పెద్దవాళ్లకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. మీకు దక్కుతున్నది ఐదు. సమయం గురించి మీరడిగిన ప్రశ్నకు నా జవాబు ఇంతే: నిద్ర చాలినంత పోయాక ఏ వేళైనా మంచి వేళే.

మీ ఉత్తరంలో నన్ను కదిలించింది ఆ తలుపు కింది వెలుగు. ఒళ్లు కాలిపోతుంటే లేచి లైటు వేశారు. ఆ పూట మీరు ప్రార్థన చేయలేదు, చేయలేని స్థితిలో ఉన్నారు. ఆ వెలుగు ఒక్కటే ఎదుటి గదికి చేరాలి, అంతే కదా? యేసుప్రభువు ప్రార్థన గురించి చెబుతూ గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమన్నాడు, రహస్యమందు చూచే తండ్రి ఉన్నాడన్నాడు. మత్తయి 6వ అధ్యాయం మీకు కంఠస్థమే అయి ఉంటుంది. తలుపైతే మీరూ వేశారు. కానీ అన్నేళ్లుగా ఆ గదిలో మీ ప్రార్థన వింటున్నది అత్తగారేనన్న భయంతోనే మోకాళ్లూనారు. దేవుడు దూరం కాలేదమ్మా. మీకూ ఆయనకూ మధ్య ఇంకో మనిషి కూర్చుని ఉంది, ఆవిడకు ఆ సంగతే తెలియదు.

అందుకని అత్తగారిని తప్పు పట్టకండి. ఆవిడ మిమ్మల్ని ఒక్క మాటన్నారని మీరు రాయలేదు. పెళ్లయిన కొత్తలో మంచి కోడలు అనిపించుకోవాలని మొదలుపెట్టింది ఇన్నేళ్లకు మెడకు గుదిబండ అయింది. పెద్దావిడను గౌరవించడం మీ ధర్మం, ఆవిడ మందులూ మంచిచెడ్డలూ చూడాల్సిందే, అందులో నేను రాజీ పడను. కానీ ఆవిడ భక్తిని కొలబద్దగా పెట్టుకుని మీ ఆత్మను కొలుచుకోవడం గౌరవం కిందికి రాదు, అది భయం. ఇంకో సంగతి ఆలోచించారా? ఆవిడకిప్పుడు ఉద్యోగం లేదు, తెల్లవారి లంచ్ బాక్సులు కట్టే పని లేదు. మధ్యాహ్నం ఓ కునుకు తీయగలరు. మీ వయసులో ఆవిడ ఎలా ప్రార్థించేవారో ఎప్పుడైనా అడిగారా? అడగండి. నాకెందుకో ఆ జవాబు మీకు ఊరటనిస్తుందనిపిస్తోంది.

ఏలీయాను గుర్తు చేసుకోండి. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయం. బదరీ చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. అంతటి ప్రవక్త! దేవుడు అతనికి ఉపవాసం పెట్టలేదు, ఇంకాసేపు మోకరించమనలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. తిని మళ్లీ పడుకున్నాడు, దాన్నీ తప్పు పట్టలేదు. రెండోసారి లేపి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు. నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాకే దేవుడితో అసలు సంభాషణ. ముందు నిద్ర, తిండి. మాటలు తర్వాత.

ఇక మీ ఆదివారం. చదువుతుంటే నాకు కోపం వచ్చింది, మీ మీద కాదు. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో విశ్రాంతిదినపు ఆజ్ఞ ఇచ్చినప్పుడు, నీ దాసుడూ దాసీ కూడా నీలాగే విశ్రమించాలి అని దేవుడు విడిగా చెప్పాడు. ఐగుప్తులో నువ్వూ దాసుడివేనని జ్ఞాపకం చేసుకో అన్నాడు. దాసికి కూడా దొరకాల్సిన విశ్రాంతి మీ ఇంటి కోడలికి దొరకడం లేదు! సండే స్కూలు, స్త్రీల కూడిక, ఈ రెంటిలో ఒకటి వదిలేయండి. ఏది వదలాలో మీరే నిర్ణయించుకోండి. పాస్టరుగారికి కారణం చెప్పండి, సాకు చెప్పకండి. చుట్టాలొచ్చిన ఆదివారం వంటింట్లో మీ ఆయనా పిల్లలూ కూడా ఉండాలి. ఆయన గురించి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. అలసిపోయానని ఆయనకు చెప్పనే లేదని నా అనుమానం.

యేసుప్రభువు ఇంటికొచ్చినప్పుడు అక్కచెల్లెళ్లలో మరియ ఆయన మాటలు వింటూ కూర్చుంటే, మార్త పనుల్లో మునిగిపోయింది. ఆ మార్తను చూపించి మిమ్మల్ని ఎవరైనా బాధపెట్టి ఉంటే ఇది కూడా చదవండి. ఆమె పని చేస్తోందని ప్రభువు మందలించలేదు. అనేకమైన పనుల గురించి విచారపడి తొందరపడుతున్నావన్నాడు. తర్వాత యోహాను 12వ అధ్యాయంలో బేతనియ విందులో కూడా వడ్డించింది ఆమే. అక్కడ ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. చేతులు అవే, పని అదే. లోపలి ఆందోళన తగ్గింది కాబోలని నేననుకుంటాను.

17వ శతాబ్దంలో పారిస్‌లో కర్మెలీయులనే క్రైస్తవ సన్యాసుల మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన ఉండేవారు. ఆయన పని వంటశాలలో. గిన్నెల చప్పుడు మధ్యా, ప్రార్థన వేళా తనకు దేవుని సన్నిధి ఒకటేనని నమ్మి బతికారు. మీ ఇంట్లో దాన్ని ఇలా మొదలుపెట్టండి. రాత్రి ఉతికిన బట్టలు మడతపెడతారు కదా. చిన్నవాడి చొక్కా చేతిలోకి వచ్చినప్పుడు వాడి పేరు చెప్పి ఒక్క మాట అనండి, "ప్రభువా, రేపు స్కూల్లో వీణ్ణి కాపాడు" అని. మీ ఆయన చొక్కా వచ్చినప్పుడు ఆయన కోసం. అత్తగారి బట్టలు వచ్చినప్పుడు ఆవిడ మోకాళ్ల నొప్పి కోసం. మీ బట్టల దగ్గరికొచ్చినప్పుడు మాత్రం దాటేయకండి, మీ కోసం కూడా ఒక మాట. కళ్లు మూసుకోనక్కర్లేదు, గొంతు వినబడనక్కర్లేదు. దీన్ని ఎవరూ చూడరు.

ఒక నెల ఆరున్నర దాకా పడుకోండి. నిద్ర చాలినా దిగులు పోకపోతే, ఏడుపు ఆగకపోతే డాక్టరును కలవండి, అది విశ్వాసం లేకపోవడం కిందికి రాదు.

ముందు ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక మీ ఆయనకు అంతా చెప్పండి. రేపు పొద్దున్న మీరే అత్తగారి పక్కన కూర్చుని, "అత్తయ్యా, నాకు నిద్ర చాలడం లేదు, కొన్నాళ్లు ఆలస్యంగా లేస్తాను. రాత్రిపూట మీతో కలిసి పది నిమిషాలు ప్రార్థన చేసుకుంటాను" అనండి. కోడలి గురించి ఆవిడ ఏమనుకుంటారో మీరు ఇన్నేళ్లూ ఊహించుకున్నారు. ఒకసారి ఆవిడ నోటే వినండి.