పాతకాలపు వాచీ కూర్చబోతున్న చిట్టితల్లికి

చి. చిట్టితల్లికి పెదనాన్న ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైనికుల ఏ-11 వాచీని పోలినది ఒకటి, విడిభాగాలు తెప్పించుకుని నువ్వే కూర్చబోతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఈ పని మీద మనసు పడ్డ మనిషి మన ఇంట్లో ఇంకొకరు ఉన్నారని గర్వంగా ఉంది. కానీ ఆ వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. అసలు రూపం రావాలని పాత ముళ్ళు, పాత డయళ్ళు ఒక లాట్‌గా కొన్నావట. వాటిమీద పొడిబారిన పూత గీకేసి కొత్తది పూస్తావట. ఆ మాట విన్నాక ఉత్తరం రేపు రాద్దాంలే అనిపించలేదు.

ఆ లాట్ ఉన్న సంచీ విప్పకు. విప్పి ఉంటే మూసెయ్. గీకడం, ఊదడం, ఇసుక కాగితంతో రుద్దడం, ఏదీ వద్దు.

ఆ కాలంలో చీకట్లో వెలిగే ముళ్ళకు, అంకెలకు పూసింది రేడియం కలిపిన రంగు. రేడియం విడిచే కిరణాలు తగిలి ఆ రంగులోనే ఉండే జింక్ సల్ఫైడ్ వెలిగేది. కొన్నేళ్ళకు జింక్ సల్ఫైడ్ చచ్చిపోతుంది, వెలుగు ఆగిపోతుంది. చాలామంది పొరపడేది ఇక్కడే, పూత వెలగడం లేదు కాబట్టి అందులో ఇంకేం మిగల్లేదనుకుంటారు. రేడియం సగమవడానికి 1600 ఏళ్ళు పడుతుంది. 1940ల్లో పూసిన రేడియం ఈరోజుకీ దాదాపు అంతా అక్కడే ఉంది. పూతను పట్టి ఉంచే జిగురు మాత్రం ఎండి, వేలు తగిలితే రాలే పొడిగా మారింది. మూసి ఉన్న వాచీలో అద్దం దాన్ని లోపలే ఆపుతుంది, దాని ఆల్ఫా కిరణాలు చర్మం కూడా దాటలేవు. అదే పొడి ఊపిరితో లోపలికి పోతే, వేళ్ళకు అంటి అన్నంతో కడుపులోకి పోతే, ఒళ్ళు దాన్ని కాల్షియం అనుకుని ఎముకల్లో దాచుకుంటుంది. అలా చేరింది ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతుంది.

న్యూజెర్సీలోని ఆరెంజ్‌లో, కనెక్టికట్‌లోని వాటర్‌బరీలో, ఇల్లినాయ్‌లోని ఒట్టావాలో డయళ్ళకు రేడియం పూసిన అమ్మాయిల సంగతి చదివే ఉంటావు. కుంచె మొన సన్నగా రావాలని పెదాల మధ్య పెట్టుకుని తిప్పమని వాళ్ళకు నేర్పారు. దవడ ఎముకలు కుళ్ళిపోయాయి, ఎందరో చిన్న వయసులోనే పోయారు. కొందరు కోర్టుకెక్కితే 1928లో రాజీ కుదిరింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చిన్నప్పుడు బొమ్మకు రంగు వేస్తూ కుంచె మొన నోట్లో పెట్టుకునేదానివి. ఎన్నిసార్లు చెయ్యి పట్టుకుని లాగినా మళ్ళీ పెట్టేదానివి. ఆ అలవాటు పోయిందని నువ్వంటావు. ఏకాగ్రతగా పనిచేసేటప్పుడు చేతికి పాత అలవాట్లే వస్తాయమ్మా, నా భయం అదే.

అతినీల కాంతి టార్చ్ వేసి చూశాను, వెలగలేదు, అని నిశ్చింతగా ఉండకు. చచ్చిపోయిన జింక్ సల్ఫైడ్ ఆ కాంతికీ వెలగకపోవచ్చు. డయల్ ముందువైపు కింద, 6 దగ్గర ‘టీ’ అక్షరం ఉంటే అది ట్రిటియం, 1960ల నుంచి వచ్చింది, 12.3 ఏళ్ళకు సగమవుతుంది కాబట్టి ఇప్పటికి చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. పాత పూత ఉండి, ఆ గుర్తు లేకపోతే రేడియం అనే అనుకోవాలి. ఆ లాట్‌ను జిప్ సంచీలో పెట్టి, ఆ సంచీని మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టి, మీరు పడుకునే గదిలో కాకుండా గాలి ఆడేచోట ఉంచు. రేడియం నుంచి రేడాన్ వాయువు వస్తుంది. చెత్తబుట్టలో పారెయ్యకు, రేడియోధార్మిక వ్యర్థాలు చూసే ప్రభుత్వ కార్యాలయాన్ని అడిగి అప్పగించు. ఇప్పటికే బల్లమీద పరిచి ఉంటే పొడిగా ఊడ్చకు, వాక్యూమ్ పెట్టకు. తడి కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని కూడా అదే డబ్బాలో వేసి, చేతులు సబ్బుతో కడుక్కో. ఈ మాట వినకపోతే మాత్రం నిజంగా కోపం వస్తుంది.

నీకు కావలసిన పాత రూపం కొత్త పూతతోనే వస్తుంది. స్ట్రాన్షియం అల్యూమినేట్‌తో చేసే సూపర్ లూమినోవా అనే వెలిగే పూతలో ఎండు గడ్డి రంగుది దొరుకుతుంది, దానిమీద ‘ఓల్డ్ రేడియం’ అని రాసి ఉన్నా అందులో రేడియం ఉండదు. పూత వేసి వచ్చిన ముళ్ళు, డయల్ ఒకే చోట తెప్పించుకో. రెండు చోట్ల కొంటే ఒకటి పచ్చగా, ఒకటి గోధుమరంగులో వచ్చి కంట్లో నలుసులా కనిపిస్తుంది.

ఇక మెషీన్, అంటే వాచీని నడిపే లోపలి యంత్రం. అసలు ఏ-11 సుమారు 32 మిల్లీమీటర్ల చిన్న వాచీ, కీ ఇచ్చేది. దానికి దగ్గరగా రావాలంటే ఈటా కంపెనీ 2801-2 మెషీన్ బాగుంటుంది. వెడల్పు 25.6 మి.మీ., మందం 3.35. కానీ మొదటి వాచీకి సీకో ఎన్‌హెచ్35 తీసుకోమంటాను. వెడల్పు 27.4, మందం 5.32. దాదాపు 2 మి.మీ. లావు ఎక్కువవుతుంది, 36 నుంచి 38 మి.మీ. కేస్ కావాలి, పక్కనుంచి చూస్తే పాత వాచీ నాజూకు రాదు. అయినా అదే ఎందుకంటే, చెయ్యి జారి పాడైతే ఇంకొకటి సులువుగా దొరుకుతుంది, భాగాలన్నీ దాని కొలతకే అమ్ముతారు. క్రౌన్, అంటే పక్కన ఉండే తిప్పుడు బిళ్ళ, లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది కూడా. సైనికులు టైము కలుపుకోవడానికి ఏ-11లో ఉన్న ఏర్పాటు అదే, కాబట్టి ఆ లక్షణం పోదు. తేదీ చక్రం ఉంటుందిగానీ కిటికీ లేని డయల్ పెడితే కింద దాక్కుంటుంది. క్రౌన్‌కు మధ్యలో ఒక ఖాళీ మెట్టు మిగులుతుంది, దాన్ని పట్టించుకోకు.

కేస్, డయల్, ముళ్ళు మూడూ ‘ఎన్‌హెచ్35కు’ అని స్పష్టంగా రాసి ఉన్నవే తీసుకో. డయల్ 28.5 మి.మీ. ఉంటుంది. ముళ్ళ రంధ్రాలు గంటలది 1.50, నిమిషాలది 0.90, సెకన్లది 0.20. ఈటా వాళ్ళ 2824 మెషీన్‌కూ 2801కూ మొదటి రెండూ ఇవే, సెకన్లది మాత్రం 0.25. గంటలు, నిమిషాలు చక్కగా కూర్చుంటాయి కాబట్టి సరైన సెట్టే అనుకుంటారు. సెకన్ల ముల్లు మాత్రం నొక్కినప్పుడు నిలబడి, మణికట్టు విదిలిస్తే ఊడి అద్దం కింద దొర్లుతుంది. అప్పుడు దాన్ని ఇంకా గట్టిగా నొక్కుతారు, కింద ఉన్న వెంట్రుకంత ఇరుసు వంగుతుంది. తప్పు నీ చేతిది కాదు, కొలతది, అని గుర్తుపెట్టుకో.

డయల్ వెనక, మెషీన్ రంధ్రాల్లోకి దిగే సన్నటి కాళ్ళు ఒక్కో మెషీన్‌కు ఒక్కో చోట ఉంటాయి. ఎన్‌హెచ్35 డయళ్ళు కొన్నిటికి నాలుగు కాళ్ళు వస్తాయి, క్రౌన్ 3 దగ్గర ఉండే కేస్‌కు రెండు, 4కు దగ్గరగా ఉండే కేస్‌కు రెండు. నీకు అక్కర్లేని రెండూ కత్తిరించాలి. విరవకు, ఊపకు. కాలు మొదలు కదిలితే డయల్ ముందువైపు రంగు మీద చిన్న పొక్కు లేస్తుంది, నల్లటి డయల్ మీద అది ఎంత దాచినా దాగదు. కాళ్ళు కలవని డయల్‌ను బంక బిళ్ళలతో అతికించే పద్ధతి ఉంది, కానీ నడిమధ్యకు తెచ్చి నిలపడం కష్టం, వేడికి జరుగుతుంది. కలవకపోతే డయల్ మార్చుకో.

పనిముట్లకు బేరం ఆడకు. 1.0, 1.2, 1.4 మి.మీ. స్క్రూడ్రైవర్లు, సన్నటి ట్వీజర్లు రెండు, కంటికి పెట్టుకునే 5 రెట్ల భూతద్దం, మెషీన్ పట్టి ఉంచే హోల్డర్, ముళ్ళు నొక్కే ప్రెస్, వేళ్ళకు రబ్బరు తొడుగులు, రబ్బరు బ్లోయర్, దుమ్ము అంటించి తీసే రోడికో. ఫ్యాన్ ఆపి, నూగు రాలే బట్టలు వేసుకోకుండా కూర్చో.

ముళ్ళ దగ్గర నిదానించు. ముందు గంటల ముల్లు, తర్వాత నిమిషాలది, చివర సెకన్లది, మూడూ 12 మీదికి. గంటల ముల్లు పెట్టాక ట్వీజర్‌తో అంచు పట్టుకుని సున్నితంగా పైకి లేపి చూడు, పిసరంత ఆడాలి. ఆడకపోతే బాగా కిందికి నొక్కేశావు, డయల్‌ను రాసుకుంటుంది. సెకన్ల ముల్లు పెట్టేటప్పుడు క్రౌన్ లాగి మెషీన్ ఆపు. భూతద్దం కింద చూస్తే ముల్లు గొట్టం, ఇరుసు మొన ఒకే గీత మీద కనబడాలి. అప్పుడు దాన్ని మీద ఊరికే ఆనించి, కంటిని డయల్ ఎత్తుకు దించి పక్కనుంచి చూడు. నిటారుగా ఉంటేనే నొక్కు. వాలి ఉంటే తీసి మళ్ళీ పెట్టు, నొక్కితే సర్దుకుంటుందిలే అనుకోకు, సర్దుకోదు. మూడూ పెట్టాక క్రౌన్‌తో పూర్తి పన్నెండు గంటలు తిప్పుతూ పక్కనుంచి చూడు. నిమిషాల ముల్లు గంటల ముల్లును సుమారు ప్రతి 65 నిమిషాలకు ఒకసారి దాటుతుంది, తగిలేది అక్కడే. తర్వాత వాచీ ఎప్పుడూ ఒకే చోట ఆగుతోందంటే మెషీన్‌ను అనుమానించకు, ముళ్ళను చూడు.

స్టెమ్, అంటే క్రౌన్‌ను మెషీన్‌కు కలిపే సన్నటి కడ్డీ, దాని కోత ఇంకో గండం. స్టెమ్ పూర్తిగా లోపలికి తోసి, క్రౌన్ చివరిదాకా బిగించి, క్రౌన్‌కూ కేస్‌కూ మధ్య ఎంత సందు మిగిలిందో కొలువు. అందులో అర మిల్లీమీటరు తగ్గించి కత్తిరించు, ఆ మిగిలిన అర మి.మీ. ఆకురాయితో కొంచెం కొంచెంగా అరగదీస్తూ, ప్రతిసారీ పెట్టి చూసుకో. పొడవు మిగిలితే క్రౌన్ కేస్‌కు ఆనదు, నీళ్ళు దిగుతాయి. పొట్టి అయితే మరలు పట్టవు, టైము మార్చబోతే క్రౌన్ చేతిలోకి వస్తుంది, దానికి మందు కొత్త స్టెమ్మే. మర వదులవ్వకుండా వేసే జిగురు అంతా సరిపోయిందని తేలాకే వెయ్యి. స్టెమ్ విప్పేటప్పుడు మెషీన్ వెనక ఉన్న చిన్న గుంటను మెల్లగా మాత్రమే నొక్కు. బలంగా నొక్కితే లోపలి మీటలు పక్కకు జరిగిపోతాయి, అప్పుడు ముళ్ళు, డయల్ అన్నీ మళ్ళీ విప్పాలి.

అద్దం ఉబ్బెత్తుగా ఉండే ఆక్రిలిక్ పెట్టు, పాత రూపంలో సగం దాని వల్లే వస్తుంది. గీతలు పడితే ప్లాస్టిక్ పాలిష్‌తో పోతాయి. ద్రావకాలు, సూపర్ గ్లూ దగ్గరికి రానివ్వకు, పగుళ్ళిస్తాయి. మెషీన్ లోపలికి పోకముందే అద్దం బిగించాలి.

వాచీ నడకను కొలిచే టైమ్‌గ్రాఫర్ మీద పెట్టేముందు పూర్తిగా కీ ఇవ్వు. లిఫ్ట్ కోణం అని అది అడిగే చోట ఈ మెషీన్‌కు 53 డిగ్రీలు అని నమోదు చెయ్యి, లేకపోతే లోపలి బ్యాలెన్స్ చక్రం ఊగుడు కొలత తప్పు చూపిస్తుంది. డయల్ పైకి పెట్టినప్పుడు ఆ ఊగుడు 250 డిగ్రీలు దాటితే ఆరోగ్యంగా ఉన్నట్టు. కంపెనీ చెప్పే హద్దు రోజుకు 20 సెకన్లు వెనక నుంచి 40 సెకన్లు ముందు దాకా. వేగం దిద్దే మీటను పిసరు జరిపి 10 సెకన్ల లోపలికి తేవచ్చు. బ్యాలెన్స్ చక్రానికి ఉండే వెంట్రుకంత చుట్ట స్ప్రింగ్‌ను, హెయిర్‌స్ప్రింగ్‌ను, మాత్రం తాకకు. ఉన్నట్టుండి నిమిషాల కొద్దీ ముందుకు పరిగెడితే అయస్కాంతం పట్టిందన్నమాట, డీమాగ్నెటైజర్ వాడాలి. వాచీని చేయి చాచినంత దూరం లాగాకే స్విచ్ వదులు, దగ్గర పెట్టి వదిలితే మళ్ళీ అంటుకుంటుంది.

డయల్ మీద ఎల్జిన్, వాల్తామ్, బులోవా పేర్లు వేయించకు. ఏ-11లు చేసింది వాళ్ళే, నువ్వు కాదు. పేరు లేని డయల్ పెట్టి, వెనక మూత లోపలివైపు నీ పొడి అక్షరాలు, సంవత్సరం, మెషీన్ నంబరు గీయించు. రేపెప్పుడో అది ఎవరి చేతికి వెళ్ళినా యుద్ధకాలం నాటిదని చెప్పి అమ్మే వీలుండకూడదు.

నీళ్ళు దిగకుండా ఆపే రబ్బరు వలయాలకు, అంటే గాస్కెట్లకు, సిలికాన్ గ్రీజు పలుచగా రాసి మూత బిగించు. పీడన పరీక్ష చేయించేదాకా చేతులు కడిగేటప్పుడు కూడా తీసి పక్కన పెట్టు.

ఇట్లు,
పెదనాన్న

తా.క. స్టెమ్‌లు మూడు తెప్పించుకో. సెకన్ల ముళ్ళు రెండు. ఆ పాత లాట్ డబ్బాలో పెట్టాక ఒక ఫోటో తీసి పంపు, చూస్తేగానీ నాకు నిద్ర పట్టదు.