చెట్ల నడుమ చిన్న కుటీరం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ప్రశ్న: చెట్లున్న కొద్దిపాటి స్థలంలో, వీలున్నప్పుడల్లా వెళ్లి నాలుగు రోజులు ఉండేందుకు చిన్న కుటీరం కట్టుకోవాలనుకుంటున్నాం. మేమిద్దరం ఉంటాం, అప్పుడప్పుడు పిల్లలు వస్తారు. ఎంత పెద్దది కట్టాలి? ఎక్కడ కట్టాలి? చెట్లన్నీ కనబడేలా ముందువైపు మొత్తం అద్దాల గోడ పెట్టాలని నా కోరిక.

జవాబు: ఎంత పెద్దది కావాలన్న ప్రశ్నకు ముందు, ఏయే పనులు గోడల బయట చేసుకోగలరో ఆలోచించండి. ప్రసిద్ధ వాస్తుశిల్పి ల కార్బూజియే 1952లో ఫ్రాన్సు దక్షిణ తీరంలో తన కోసం కట్టుకున్న కుటీరం లోపల ఒక్కో వైపు 3.66 మీటర్లు, అంటే పన్నెండు అడుగులే. మంచం, బల్ల, చేతులు కడుక్కునే తొట్టి, మరుగుదొడ్డి అందులోనే ఇమిడాయి గానీ వంటిల్లు లేదు. పక్కనే ఉన్న భోజనశాలలోకి నేరుగా ఒక తలుపు ఉండేది. ఆ కొలతకన్నా మీకు పనికొచ్చేది ఈ పద్ధతే. వంట, స్నానం, కూర్చుని మాట్లాడుకోవడం బయటికి తేగలిగితే పడుకోవడానికి, సామాను పెట్టుకోవడానికి మాత్రమే గది కావాలి. నా సలహా ఏమిటంటే, గదిని 12 అడుగులకు 14 అడుగులతో ఆపి, దానికి ఆనుకుని ఎనిమిది అడుగుల వెడల్పున వసారా వేయండి. పిల్లలు వచ్చిన రోజున అక్కడే దోమతెర కట్టి పడకలు వేయవచ్చు. వానను, గాలిని, చెట్లను దగ్గరగా అనుభవించేది కూడా ఆ వసారాలోనే కాబట్టి, డబ్బు ఖర్చు పెట్టాలంటే ముందు దానికే పెట్టాలి.

అద్దాల గోడ మీద మీకున్న మక్కువ అర్థమవుతోంది గానీ, దాన్ని వదులుకోమనే చెబుతాను. అద్దం గుండా లోపలికి వచ్చిన ఎండ వేడి తేలిగ్గా బయటికి పోదు. రాత్రి దీపం వెలిగిస్తే అద్దంలో చెట్లు కనబడవు, మీరే కనబడతారు. పైగా అద్దంలో చెట్ల ప్రతిబింబాన్ని నిజమైన చెట్లనుకుని పక్షులు వేగంగా వచ్చి గుద్దుకుని చనిపోతాయి. దానికి బదులు, నేల నుంచి అడుగున్నర ఎత్తులో మొదలయ్యే వెడల్పాటి కిటికీ ఒకటి పెట్టించండి. కూర్చున్నవారి చూపు తిన్నగా చెట్ల మొదళ్ల దాకా పోతుంది. దానికి కూడా పక్షుల కోసం అద్దం బయటి వైపున, రెండంగుళాలకు మించని ఎడంతో చుక్కలు వేయించడం మంచిది.

ఇక చోటు సంగతి. స్థలంలో మీకు అన్నిటికన్నా నచ్చిన చోట కట్టకండి. దాన్ని అలాగే ఉంచి, కాస్త పాడైనట్టున్న, చెట్లు తక్కువగా ఉన్న మూలను ఎంచుకోండి. గట్టి వాన కురుస్తున్నప్పుడే వెళ్లి, నీరు ఎటునుంచి ఎటు పారుతోందో చూసి మేకులు పాతండి. ఆ దారికి ఇల్లు అడ్డం రాకూడదు. చెట్ల వేళ్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉండి, కొమ్మల నీడ దాటి ఇంకా దూరం పాకుతాయి. అందువల్ల కొమ్మల కింద కందకం తవ్వి పునాది వేస్తే, చెట్టును నరకకపోయినా మెల్లగా చంపినట్టే అవుతుంది. విడివిడిగా గుంటలు తీసి, నిలువు స్తంభాల మీద ఇంటిని నేలకు రెండడుగులు ఎత్తి కట్టండి. ఆ గుంటలను యంత్రంతో కాక చేత్తోనే తవ్వించాలి; బొటనవేలికన్నా లావైన వేరు తగిలితే, దాన్ని కోయకుండా స్తంభాన్నే జానెడు పక్కకు జరపాలి. ఈ మాటను పని మొదలుకాక ముందే మేస్త్రికి స్పష్టంగా చెప్పండి.

వేడి ప్రాంతమైతే పొడవైన గోడలు ఉత్తర దక్షిణ దిక్కులను చూసేలా, పొట్టి గోడలు తూర్పు పడమర దిక్కులను చూసేలా ఉండాలి. ఉదయం, సాయంత్రం వాలి వచ్చే ఎండను చూరు ఆపలేదు గనుక, పడమటి గోడకు కిటికీ పెట్టకుండా స్నానాల గదినో అలమరలనో అటు వేసుకోవాలి. చూరు మూడడుగులు బయటికి రానిస్తే మట్టి గోడ కూడా చాలాకాలం నిలుస్తుంది.

ప్రశ్న: సిమెంటు అసలు వాడకుండా వెదురు, మట్టితోనే కట్టవచ్చా?

జవాబు: చాలావరకు కట్టవచ్చు. ప్రపంచమంతటా మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడులో సుమారు 7 నుంచి 8 శాతం సిమెంటు తయారీ నుంచే వస్తోంది కాబట్టి, తగ్గించాలన్న మీ ఆలోచన సరైనదే. కానీ పూర్తిగా మానాలన్న పట్టుదల అక్కరలేదు. స్తంభాల అడుగున కొద్దిగా వాడి, గోడలకు మట్టి ఇటుక, సున్నం వాడండి. సున్నంతో కట్టిన ఇటుకలను రేపు విప్పాల్సి వచ్చినా పగలకుండా ఊడదీసి మళ్లీ వాడుకోవచ్చు. వెదురు మూడేళ్లు దాటినదై ఉండాలి. లేతదానికి పురుగు త్వరగా పడుతుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టాక, మట్టికి తగలకుండా రాతి దిమ్మె మీద నిలపండి.

ప్రశ్న: నీళ్లు, కరెంటు, మరుగుదొడ్డి ఎలా?

జవాబు: లెక్క వేసుకుంటే భయం పోతుంది. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీరు. చూరుతో కలిపి మీ కప్పు 40 చదరపు మీటర్లు అనుకుంటే, 10 మిల్లీమీటర్ల వానకు 400 లీటర్లు. ఐదో వంతు వృథా అయినా 320 లీటర్లు తొట్టిలో పడతాయి. ఆకులు, రెట్టలు కడిగి తెచ్చే మొదటి 40 లీటర్లను విడిగా పారబోసే గొట్టం తప్పక పెట్టించండి. ఆ తర్వాత కూడా వడగట్టి మరగబెట్టకుండా తాగకండి.

ఏడు వాట్ల ఎల్ఈడీ దీపాలు నాలుగు ఐదేసి గంటలు వెలిగితే 140 వాట్-గంటలు, తక్కువ కరెంటుతో, సుమారు 30 వాట్లతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాను పన్నెండు గంటలు తిరిగితే 360, ఫోన్లకు 50. మొత్తం 550. నాలుగు గంటల నిండు ఎండ తగిలే చోట 200 వాట్ల సోలార్ ఫలకం నష్టాలు పోను సుమారు 600 ఇస్తుంది. మబ్బు రోజుల కోసం బ్యాటరీ రెండు రోజులకు సరిపడేది తీసుకోండి. ఫలకంలో ఒక మూల కొమ్మ నీడ పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. అందుకోసం కొమ్మ కొట్టించకుండా, ఫలకాన్నే కప్పు మీద కాక ఖాళీ జాగాలో స్తంభం మీద బిగించండి.

మరుగుదొడ్డికి, మలం మెల్లగా ఎరువుగా మారేలా కింద రెండు గదులు కట్టే పద్ధతి నయం. మూత్రం విడిగా పోయేలా చేసి, వాడిన ప్రతిసారీ గుప్పెడు రంపపు పొట్టు చల్లాలి. మొదటి గది నిండాక మూసి, రెండోది వాడుకోవాలి. మూసిన గదిని వేడి ప్రాంతంలో కనీసం ఏడాది, చల్లని చోట రెండేళ్లు కదిలించకూడదు.

ప్రశ్న: రాత్రిళ్లు చెట్లకు అలంకరణ దీపాలు పెట్టుకోవచ్చా?

జవాబు: వద్దు. తెల్లని వెలుగు చుట్టూ తిరిగి తిరిగి పురుగులు అలసి చస్తాయి, వాటిని తినే జీవుల అలవాట్లూ చెదిరిపోతాయి. వసారాలో 2700 కెల్విన్లకు (వెలుగు రంగును తెలిపే కొలత) మించని పసుపు దీపం, వెలుగు కిందికే పడేలా పైన కప్పు పెట్టి ఒక్కటి వాడండి. దారికి టార్చి చాలు.