హెచ్‌ఆర్‌వీ యూనిట్ కింద నీళ్లు కారుతున్నాయంటే

చలి మొదలయ్యాక మీ హెచ్‌ఆర్‌వీ (ఇంట్లోంచి పోయే గాలి వేడిని లోపలికొచ్చే తాజా గాలికి అందించే వెంటిలేషన్ యంత్రం) కింద నీటి మడుగు కడుతోందని, డ్రెయిన్ పైపులో గుడగుడ చప్పుడు వస్తోందని రాశారు. ఆ చప్పుడే అసలు ఆధారం. కోర్ (ఆ రెండు గాలుల మధ్య వేడి మార్చే భాగం) పాడవలేదు, దాన్ని మార్చకండి.

ఇంట్లోంచి వెళ్లే తేమ గాలి కోర్‌లో చల్లబడి నీరవుతుంది, అది సహజం. ఆ నీరు డ్రెయిన్‌లోంచి దిగాలి. కానీ పైపుకి యూ ఆకారపు ట్రాప్ లేకపోయినా, ఉన్నది ఎండిపోయినా ఫ్యాన్ కిందనుంచి గాలి పీలుస్తుంది. ఆ గాలి నీటిని దిగనివ్వదు, ట్రే నిండి పొర్లుతుంది. ట్రాప్‌లో కనీసం 5–6 సెంటీమీటర్ల నీరు నిలిచేలా కట్టి, మగ్గుతో నీళ్లు పోసి నింపండి. వేసవిలో ఎండిపోతుంది, ఏటా చలికి ముందు మళ్లీ పోయాలి. ట్రాప్ తర్వాత పైపు ఎక్కడా పైకి లేవకూడదు.

స్పిరిట్ లెవెల్ పెట్టి యూనిట్ వాలు మాన్యువల్ ప్రకారమే ఉందో లేదో చూడండి.

అప్పటికీ తడి ఆగకపోతే బయటి గోడకు వెళ్లే రెండు డక్ట్‌లూ (గాలి గొట్టాలు) తడిమి చూడండి. ఇన్సులేషన్ మెత్తగా, బరువుగా తగిలితే పైపొర ఎక్కడో చిరిగి లోపల తేమ పట్టినట్టే. తడిసిన ముక్క తీసేసి కొత్తది వేయండి, కాలర్ (డక్ట్ బిగించే అంచు) దగ్గర ఫాయిల్ టేప్‌తో సందు లేకుండా మూయండి. ఎక్కువమంది వదిలేసేది ఆ కాలర్‌నే.