కళింగపట్నంలో సముద్రం కనిపించే ఇల్లు, లోపల అద్దెకున్నవాళ్లు: కొనొచ్చా?

అద్దెకున్నవాళ్లతో సహా ఈ ఇల్లు కొని, పైన ఓ అంతస్తు వేసి టూరిస్టులకి ఇద్దామనుకుంటున్నామని రాశారు. కొనొచ్చండీ. కాకపోతే ‘రిజిస్ట్రేషన్ అయ్యాక వాళ్లే ఖాళీ చేసేస్తారు’ అన్న బ్రోకరు మాట పట్టుకుని బయానా ఇచ్చేయకండి. మేమూ ఆ ఊళ్లోనే, లోపల అద్దెకున్న కుటుంబంతో సహా ఓ ఇల్లు కొన్నవాళ్లం, అందుకే చెబుతున్నాను.

ఓనరు మారినంత మాత్రాన అద్దె ఒప్పందం పోదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 109వ సెక్షన్ ప్రకారం అమ్మినాయన స్థానంలోకి మీరొస్తారు, అంతే. 11 నెలల అగ్రిమెంటు నడుస్తుంటే మామూలుగా అది తీరేదాకా ఆగాలి. కాగితం లేకుండా నెలనెలా అద్దె కడుతున్నవాళ్లకైనా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే కోర్టే దిక్కు. పైగా ఇలాంటి అగ్రిమెంట్లు రిజిస్టర్ చేయించరు కాబట్టి ఈసీలో (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌లో) కనబడవు. ఈసీ క్లీన్‌గా ఉందని ధీమాగా ఉండకండి.

అసలు సంగతులు ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లకే తెలుస్తాయి. మేం బ్రోకరు లేకుండా ఓ సాయంత్రం వెళ్లి అద్దెకుంటున్న ఆవిడతో మాట్లాడాం. సముద్రం వైపు కిటికీ తలుపు తీసి చూపించింది. ఊచలు అడుగున సన్నబడిపోయాయి, వేలితో గీస్తే తుప్పు పొరలు పొరలుగా రాలింది. పైన స్లాబుకి కొత్తగా సున్నం వేశారు గానీ కర్రతో తడితే డొల్ల చప్పుడు, లోపల చువ్వలు తుప్పెక్కి ఉబ్బాయన్నమాట. వేసవిలో బోరు నీళ్లు ఉప్పగా వస్తాయనీ, తాగడానికి టిన్నులే గతనీ చెప్పింది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఏ గదిలోకి నీళ్లొచ్చాయో కూడా ఆవిడే చూపించింది. లైట్‌హౌస్ చూపించి రేటు పెంచే బ్రోకరు ఇవన్నీ చెబుతాడా?

అద్దెకున్నవాళ్లు ఓనరుకిచ్చిన అడ్వాన్సు గురించీ అప్పుడే తేలింది. ఓనరు మాతో చెప్పిన మొత్తం కంటే ఆవిడ దగ్గరున్న రసీదులో ఎక్కువ ఉంది. రేపు ఖాళీ చేసేటప్పుడు ఆ డబ్బు మనల్నే అడుగుతారు. కాబట్టి రసీదులో ఉన్న మొత్తాన్ని ఇంటి ధరలోంచి తగ్గించి, ఆ మాట కొనుగోలు అగ్రిమెంటులో రాయించుకున్నాం. మీరూ అలాగే చేయండి. రిజిస్ట్రేషన్ అయిన రోజే ‘ఇకపై అద్దె మాకు కట్టండి’ అని వాళ్లకి కాగితం ఇవ్వండి. విషయం తెలియక పాత ఓనరుకి కట్టేస్తే మళ్లీ వాళ్లని అడగడానికి చట్టం ఒప్పుకోదు.

ఇక పైన అంతస్తు వేసే సంగతి. అక్కడ కాస్త ఆగండి. సీఆర్‌జెడ్ రూల్స్‌లో (సముద్ర తీరంలో కట్టడాల మీద ఉన్న కేంద్ర నిబంధనల్లో) పోటు గీత నుంచి, అంటే పోటు సమయంలో నీళ్లు చేరే గీత నుంచి, పల్లె ప్రాంతాల్లో జనసాంద్రతను బట్టి, 50 లేదా 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలకి వీల్లేదు. అనుమతితో కట్టిన పాత ఇంటిని బాగు చేసుకోవచ్చు, ఉన్న కొలతల్లోనే తిరిగి కట్టుకోవచ్చు, అంతకు మించి పెంచడం కుదరదు. దూరం కొలిచేది ఆ రోజు అలలు తాకిన చోటు నుంచి కాదు, మ్యాపులో గీసిన గీత నుంచి. అసలు ఆ ఇంటికి ప్లాన్ అప్రూవల్ ఉందో లేదో పంచాయతీలో అడగండి. అది లేకపోతే నేనైతే ఎంత తక్కువకిచ్చినా తీసుకోను.

ధర 50 లక్షలో, అంతకంటే ఎక్కువో అయితే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సింది కొనేవాళ్లే. అమ్మేవాళ్లు ఇది ముందుగా గుర్తు చేయరు లెండి.